వర్క్ పర్మిట్ ఇస్తే పని దొరికినట్టేనా? జోర్డాన్ కథ

ఈ ఎపిసోడ్ కాస్త పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఊరు సరిహద్దు దగ్గర ఉందనుకోండి. అవతలి దేశంలో యుద్ధం. ఏడాదీ రెండేళ్లలో మీ ఊళ్లో ఉన్నవాళ్లు ఎంతమందో, దాదాపు అంతమంది కొత్తవాళ్లు వచ్చి దిగారు. ఇళ్ల అద్దెలు పెరిగాయి, బడిలో పిల్లల్ని రెండు షిఫ్టులు చేశారు, నీళ్ల ట్యాంకర్ కోసం క్యూ పెరిగింది. ఇప్పుడు ఎవరో వచ్చి, 'వీళ్లకి పని చేసుకునే హక్కు కూడా ఇవ్వాలి' అన్నారు. మీరేమంటారు?

చాలామంది 'ముందు మా పిల్లలకి ఉద్యోగాలు చూడండి' అంటారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అటువైపు నుంచి చూస్తే, వచ్చినవాడు పదేళ్లయినా ఇంటికి వెళ్లలేని పరిస్థితి. పని చేయనివ్వకపోతే వాడు ఎలా బతకాలి? ఈ రెండు మాటల మధ్య దారి కోసం ప్రపంచంలో చాలా పెద్ద ప్రయోగం ఒకటి జరిగింది. దాని పేరు జోర్డాన్ కాంపాక్ట్. ఇవాళ దాని గురించే.

ముందు రెండు అంకెలు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 4.27 కోట్ల మంది శరణార్థులు ఉన్నారు. వాళ్లలో 73 శాతం మంది పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. టీవీలో మనకి కనిపించేది యూరప్‌కి పడవల్లో వెళ్లేవాళ్లు. ఎక్కువమంది ఉండేది మాత్రం పక్క దేశంలోనే, అంటే ఉద్యోగాలు ముందే అంతంత మాత్రంగా ఉన్న చోట.

ఇక జోర్డాన్. విస్తీర్ణంలో మన తెలంగాణ కంటే చిన్నది. చెప్పుకోదగ్గ నూనె బావులు లేవు, నీళ్లకి కటకట. 2011లో సిరియాలో గొడవలు మొదలైంది దరా అనే ఊళ్లో, అది జోర్డాన్ సరిహద్దుకి కూతవేటు దూరం. జనం అటు నుంచి ఇటు నడిచి వచ్చేశారు. 2015 నవంబర్‌లో జోర్డాన్ జనాభా లెక్కలు తీస్తే మొత్తం 95 లక్షలు తేలింది. అందులో 29 లక్షల మంది అసలు జోర్డాన్ పౌరులే కాదు. సిరియా వాళ్లే 12 లక్షల 65 వేలు. ఐక్యరాజ్యసమితి దగ్గర శరణార్థులుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు మాత్రం ఆరున్నర లక్షల దరిదాపుల్లో ఉన్నారు. రెండు అంకెలకీ తేడా ఎందుకంటే, యుద్ధానికి ముందే అక్కడ పని చేసుకుంటున్న సిరియన్లు ఉన్నారు, వచ్చి నమోదు చేసుకోనివాళ్లూ ఉన్నారు. ఎవరి లెక్క ఏదో గుర్తుపెట్టుకోండి, ఈ విషయంలో రాజకీయం అంతా ఆ రెండు అంకెల మధ్యే నడుస్తుంది.

శరణార్థి అనగానే మన కళ్లకి టెంట్లు కనిపిస్తాయి కదా. 2012 జులైలో మొదలైన జాతరీ క్యాంపులో దాదాపు 80 వేల మంది ఉండేవాళ్లు, నిజమే. అయితే నూటికి 80 మంది క్యాంపు బయట అమ్మాన్, ఇర్బిద్, మఫ్రక్ లాంటి ఊళ్లలో అద్దె ఇళ్లలోనే ఉన్నారు. క్యాంపులోనూ జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జాతరీలో మెయిన్ రోడ్డు మీద కిరాణా, సెల్‌ఫోన్ షాపులు, పెళ్లి బట్టలు అద్దెకిచ్చే కొట్లు వచ్చేశాయి. ఆ వీధికి పారిస్ వీధి పేరు మీద సరదాగా షాంజెలీజే అని పేరు పెట్టుకున్నారు.

బయట ఉన్నవాళ్లూ పని చేస్తూనే ఉన్నారు. కాకపోతే చాటుగా. వర్క్ పర్మిట్ లేకుండా దొరికితే క్యాంపుకి పంపేస్తారు, ఇంకా గట్టిగా అయితే వెనక్కి పంపేస్తారేమో అన్న భయం. అందుకని రోజు కూలికి దొంగచాటుగా సిమెంటు పని, హోటల్ పని, పొలం పని. యజమాని కూలి ఎగ్గొడితే అడిగే దిక్కు లేదు. తండ్రి దొరికిపోతాడేమోనని పిల్లల్ని పనికి పంపిన ఇళ్లు కూడా ఉన్నాయి. పిల్లలైతే పోలీసులు చూసీ చూడనట్టు వదిలేస్తారని ఒక ఆశ.

ఇక్కడ స్థానికుడి వైపు నుంచి కూడా చూడండి. పక్కవాడికి హక్కులు లేకపోతే నాకు లాభమే కదా అనిపిస్తుంది. అలా జరగదు. పర్మిట్ లేనివాడు తక్కువ కూలికి, ఎక్కువ గంటలకి ఒప్పుకుంటాడు, ఎందుకంటే వాడికి ఇంకో దారి లేదు. అప్పుడు మేస్త్రీ ఎవర్ని పిలుస్తాడు? రేటు పడిపోయేది ఇద్దరికీ. మన లేబర్ అడ్డాల దగ్గర నిలబడ్డవాళ్లకి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు.

ఇలా ఉండగా 2015 చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసే ఇద్దరు, అలెగ్జాండర్ బెట్స్, పాల్ కాలియర్, ఫారిన్ అఫైర్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వాళ్లు చెప్పింది సింపుల్‌గా ఇది. జాతరీ క్యాంపుకి పావుగంట దూరంలో ఒక పెద్ద ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. రోడ్లు, కరెంటు అన్నీ ఉన్నాయి, ఫ్యాక్టరీలు రాలేదు, పనివాళ్లు లేరు. క్యాంపులో పనివాళ్లు ఉన్నారు, పని లేదు. రెండింటినీ కలపండి. యూరప్ తన మార్కెట్ తెరిస్తే పెట్టుబడి వస్తుంది, సిరియన్లకీ జోర్డానియన్లకీ ఉద్యోగాలు వస్తాయి.

కాగితం మీద చూస్తే అద్భుతమైన ఐడియా. నాలాంటి ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇలాంటివి భలే నచ్చుతాయి, ఇన్‌పుట్ ఇక్కడ, అవుట్‌పుట్ అక్కడ, మధ్యలో ఒక పైపు వేస్తే అయిపోతుంది అన్నట్టు ఉంటుంది.

2016 ఫిబ్రవరి 4న లండన్‌లో సిరియా మీద జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒప్పందం కుదిరింది. జోర్డాన్ ఏం ఇచ్చింది? 2 లక్షల మంది సిరియన్లకి పని అవకాశాలు కల్పిస్తామని మాట. బదులుగా ఏం దొరికింది? దాదాపు 170 కోట్ల డాలర్ల గ్రాంట్ల హామీలు, ప్రపంచ బ్యాంకు నుంచి తక్కువ వడ్డీ అప్పు, యూరోపియన్ యూనియన్ నుంచి వ్యాపార రాయితీ.

ఆ వ్యాపార రాయితీ ఏంటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు మెలిక అందులోనే ఉంది. యూరప్‌కీ జోర్డాన్‌కీ సుంకం లేని వ్యాపార ఒప్పందం ముందు నుంచే ఉంది. ఒక చొక్కా తీసుకోండి. జోర్డాన్‌లో కుట్టిన చొక్కా మీద సుంకం ఉండదు, బానే ఉంది. కానీ అది 'జోర్డాన్ చొక్కా' అని ఎప్పుడు ఒప్పుకుంటారు? పాత రూల్ ప్రకారం కుట్టడం ఒక్కటే సరిపోదు, గుడ్డ కూడా అక్కడే నేయాలి. జోర్డాన్‌లో నేత మిల్లులు ఎక్కడున్నాయి? గుడ్డంతా చైనా నుంచో ఇంకోచోట నుంచో రావాలి. అలా వచ్చిన గుడ్డతో కుడితే 12 శాతం దాకా సుంకం కట్టాలి. 2016 జులైలో యూరప్ ఈ రూల్‌ని పదేళ్లకి సడలించింది. గుడ్డ ఎక్కడిదైనా పర్వాలేదు, జోర్డాన్‌లో కుడితే చాలు. షరతులు రెండు: ఫ్యాక్టరీ 18 ప్రత్యేక జోన్లలో ఏదో ఒకదాంట్లో ఉండాలి, పనివాళ్లలో 15 శాతం సిరియన్లు ఉండాలి. మూడో ఏడాది నుంచి అది 25 శాతం.

ఇంత చేశాక ఏం జరిగింది? ఫ్యాక్టరీలు క్యూ కట్టలేదు. 2018 చివరికి ఈ రాయితీకి అర్హత తెచ్చుకున్న కంపెనీలు డజను చుట్టుపక్కలే. వాటిలో నిజంగా యూరప్‌కి సరుకు పంపినవి ఇంకా తక్కువ.

ఎందుకలా? ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

జోర్డాన్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలు ముందే బోలెడు ఉన్నాయి. ఇర్బిద్ దగ్గర అల్ హసన్ ఎస్టేట్, దులైల్, అమ్మాన్ దగ్గర సహాబ్. ఇవన్నీ కుట్టేది అమెరికా కోసం. అమెరికాతో ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఉంది, కొనేవాళ్లు ఏళ్ల తరబడి సెటిల్ అయిపోయారు, ఆర్డర్ అంటే లక్షల పీసులు ఒకే డిజైన్. యూరప్ కొనుగోలుదారుల తీరు వేరు. చిన్న ఆర్డర్లు, త్వరత్వరగా మారే ఫ్యాషన్. పక్కనే టర్కీ, మొరాకో అదే పని చేస్తున్నాయి. కాబట్టి సుంకం తీసేసినంత మాత్రాన అమెరికా ఆర్డర్ వదిలేసి యూరప్ వైపు తిరిగే ఫ్యాక్టరీ ఓనర్ ఎవరు?

రెండో విషయం, ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎవరు? నూటికి ముప్పావు వంతు మంది బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. ఫ్యాక్టరీ పక్కనే డార్మిటరీలో ఉంటారు. కుటుంబం ఊళ్లో ఉంటుంది, ఇక్కడ తిండి, పడక కంపెనీవే, ఓవర్‌టైం చేసి నాలుగు రాళ్లు ఇంటికి పంపుతారు. వాళ్ల జీతం దాన్ని బట్టే కట్టారు. ఇప్పుడు అదే కుర్చీలో ఒక సిరియన్‌ని కూర్చోబెట్టండి. అతనికి పెళ్లాం పిల్లలు ఉన్నారు, అద్దె ఇల్లు ఉంది. 2016లో జోర్డాన్ పౌరుడికి కనీస వేతనమే నెలకి 190 దినార్లు, అప్పటి మన రూపాయల్లో దాదాపు 18 వేలు. గార్మెంట్ జీతాలు ఆ చుట్టుపక్కలే తిరిగేవి. అమ్మాన్ అద్దె కట్టి ఆ జీతంతో ఇల్లు నడవదు. చాటుగా సిమెంటు పని చేస్తే అంతకంటే ఎక్కువ వస్తుంది. మరి అతను ఫ్యాక్టరీకి ఎందుకు వస్తాడు?

ఆడవాళ్లు వస్తారేమో అనుకున్నారు. ఇది అసలు ఎవర్ని అడిగి అనుకున్నారో నాకు అర్థం కాదు. ఫ్యాక్టరీ జోన్ ఊరికి దూరం, బస్సులో రానూ పోనూ గంటలు గంటలు. పసిపిల్లల్ని ఎక్కడ వదలాలి? పొద్దుపోయాక తిరిగొచ్చే పనికి ఇంట్లో ఒప్పుకోరు. మొదటి కొన్నేళ్లలో ఇచ్చిన పర్మిట్లలో ఆడవాళ్ల వాటా నూటికి ఐదు దరిదాపుల్లోనే ఆగిపోయింది. విచిత్రం ఏంటంటే, దీనికి జవాబు జోర్డాన్‌లోనే కళ్లముందు ఉంది. అంతకు కొన్నేళ్ల ముందే పల్లెల్లోని జోర్డాన్ ఆడవాళ్ల కోసం చిన్న చిన్న ఫ్యాక్టరీ యూనిట్లని ఊళ్ల దగ్గరికే తీసుకెళ్లారు. నడిచి వెళ్లే దూరంలో పని ఉంటే వచ్చారు. మనిషిని పని దగ్గరికి లాగడం కంటే పనిని మనిషి దగ్గరికి జరపడమే చవక అని ఆ అనుభవం చెబుతూనే ఉంది. జోన్ల ప్లాన్ గీసినవాళ్లు అటు చూడలేదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటుంది? కఫీల్ అనే మాట మన నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లకి కొత్త కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లకీ తెలుసు. వీసా కఫీల్ చేతిలో ఉంటుంది. అతను మంచివాడైతే సరే, కాకపోతే బయటపడాలంటే పారిపోవాలి. పారిపోతే ఖల్లివెల్లి. జోర్డాన్ పర్మిట్ కూడా మొదట్లో అలాంటిదే. ఒక యజమాని, ఒక పని, ఒక ఏడాది. అమెరికాలో హెచ్‌వన్‌బీ మీద ఉన్న మన ఫ్రెండ్స్‌ని అడిగినా చెప్తారు. లేఆఫ్ అయిన రోజు జీతం పోయిందన్న బాధ కంటే, ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే అరవై రోజుల్లో దేశం వదలాలి అన్న టెన్షనే ఎక్కువ. కాకపోతే మనవాడు వెనక్కొస్తే హైదరాబాద్ ఉంది. సిరియన్‌కి వెనక్కొస్తే ఏముంది?

పైగా సిరియన్లు చేసే పనులు ఎలాంటివి? పొలంలో టమాటా కోత ఈ వారం ఒక రైతు దగ్గర, వచ్చే వారం ఇంకో రైతు దగ్గర. బిల్డింగ్ పని అయితే పది రోజులు ఒక సైట్, తర్వాత ఇంకో సైట్. ఏడాదికి ఒకే యజమాని అనే కాగితం ఈ పనికి ఎలా సరిపోతుంది? రోజుకో ఆటో ఎక్కేవాడికి ఒకే ఆటో నంబర్ మీద బస్ పాస్ ఇచ్చినట్టు ఉంటుంది.

మెచ్చుకోవాల్సింది ఏంటంటే, దీన్ని వాళ్లు త్వరగానే గుర్తించారు. 2016లోనే వ్యవసాయంలో ఒక మార్పు తెచ్చారు. పర్మిట్ మీద యజమానిగా రైతు పేరు బదులు సహకార సంఘం పేరు ఉంటుంది. సంఘం పరిధిలో ఏ పొలంలోనైనా పని చేసుకోవచ్చు. 2017లో భవన నిర్మాణానికి కూడా అలాంటిదే వచ్చింది, అక్కడ సంఘం స్థానంలో జోర్డాన్ ట్రేడ్ యూనియన్ల సమాఖ్య. మనిషికి పని వచ్చో రాదో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చారు, పర్మిట్ అతని చేతికే ఇచ్చారు. మేస్త్రీ నచ్చకపోతే ఇంకో మేస్త్రీ. అంతర్జాతీయ కార్మిక సంస్థ దీనికి వెనక నిలబడింది. దీంతోపాటు ఫీజు ఎత్తేశారు, పాస్‌పోర్ట్ అడగడం మానేసి హోం శాఖ ఇచ్చిన కార్డు చూపిస్తే చాలన్నారు. యుద్ధంలోంచి రాత్రికి రాత్రి వచ్చినవాడి దగ్గర పాస్‌పోర్ట్ ఏది అని అడగడంలో అర్థం లేదు కదా. 2017లో క్యాంపులో ఉన్నవాళ్లకి కూడా పర్మిట్ ఉంటే బయటికెళ్లి పని చేసుకునే వీలు వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో జాతరీ లోపలే ఉద్యోగాల ఆఫీసు ఒకటి తెరిచారు.

అంటే చూడండి, హెడ్‌లైన్‌లో ఉన్నది ఫ్యాక్టరీలు, ఎగుమతులు, జోన్లు. నిజంగా కదిలింది పొలం, సిమెంటు. అందులోనూ ఒక తమాషా ఉంది. యుద్ధానికి ముందు నుంచే సిరియా కూలీలు సీజన్‌కి జోర్డాన్ లోయకి వచ్చి కోతలు కోసి వెళ్లేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్ వ్యాసం కనిపెట్టిన ఉద్యోగాలు రాలేదు, ఎప్పటి నుంచో ఉన్న పనికి కాగితం వచ్చింది. నేను దీన్ని తక్కువ చేసి చెప్పట్లేదు. ఆ కాగితం జేబులో ఉన్నవాడు పోలీసుని చూసి సందులోకి తప్పుకోవాల్సిన పనిలేదు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అంకెల సంగతి. 2016 సెప్టెంబర్‌లో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల ప్రోగ్రామ్ ఆమోదించింది. డబ్బు ఒకేసారి ఇవ్వదు, ఫలితం చూపిస్తే విడతలుగా ఇస్తుంది. ఆ ఫలితాల్లో ముఖ్యమైనది 'ఎన్ని వర్క్ పర్మిట్లు ఇచ్చారు' అన్నది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక మేనేజర్ వారానికి ఎన్ని జిరా టికెట్లు క్లోజ్ చేశాం అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండో వారానికే టీమ్ మొత్తం ఒక్కో పనిని నాలుగు టికెట్లుగా విడగొట్టడం నేర్చుకుంది. గ్రాఫ్ పైకి పోయింది, ప్రాడక్ట్ అక్కడే ఉంది. పర్మిట్ల లెక్కలోనూ ఈ ప్రమాదం ఉంది. ఒకే మనిషి ఏడాదికోసారి రెన్యూ చేసుకుంటే అదీ ఒక పర్మిట్టే. పొలం నుంచి సిమెంటుకి మారితే అదీ ఒకటి. కాబట్టి 'ఇప్పటిదాకా ఇచ్చిన పర్మిట్లు' అన్న అంకె పెరుగుతూనే ఉంటుంది. ఈ రోజు చెల్లే పర్మిట్ ఎంతమంది చేతిలో ఉంది అంటే చాలా తక్కువ అంకె వస్తుంది. 2021లో ఒక్క ఏడాదిలో 62 వేల పర్మిట్లు ఇచ్చారు, అప్పటికి అదే రికార్డు. 2 లక్షల మాటతో పోల్చి చూసుకోండి.

అసలు పర్మిట్ లెక్కపెట్టడం సులభం కాబట్టే దాన్ని ఎంచుకున్నారని నా అనుమానం. జీతం వేళకి పడుతోందా, పిల్లాడు పని మానేసి బడికి వెళ్తున్నాడా అన్నవి లెక్కపెట్టాలంటే ఇళ్లకి వెళ్లాలి.

సిరియన్లలో డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు కూడా ఉన్నారు కదా, వాళ్ల సంగతేంటి? వాళ్లకి తలుపు తెరవలేదు. జోర్డాన్‌లో పౌరులకి మాత్రమే అని కేటాయించిన వృత్తుల జాబితా ఉంది. వైద్యం, ఇంజినీరింగ్, టీచింగ్, డ్రైవింగ్ లాంటివి అందులో ఉన్నాయి. నాకు బీటెక్ ఉంది, ఎల్లుండి ఏదైనా జరిగి నేను పక్క దేశం వెళ్తే నా డిగ్రీ అక్కడ చెత్త కాగితం, టమాటా కోతకి మాత్రం పనికొస్తాను అంటే ఎలా ఉంటుందో ఆలోచిస్తే వెన్ను జలదరించింది. జోర్డాన్ వాళ్ల కారణం మనకి అర్థమవుతుంది. డిగ్రీ చదివిన వాళ్ల సొంత పిల్లలే ఖాళీగా ఉన్నారు. 2016లో 15 శాతం దగ్గరున్న నిరుద్యోగం, కొవిడ్ దెబ్బకి 2020 చివర్లో 24 శాతం దాటింది.

సరే, స్థానికుల భయం నిజమైందా? సిరియన్లు వచ్చి జోర్డానియన్ల ఉద్యోగాలు తన్నుకుపోయారా? దీని మీద బెలాల్ ఫల్లాహ్, కరోలిన్ క్రాఫ్ట్, జాక్లిన్ వహ్బా అనే ఆర్థికవేత్తలు 2019లో ఒక పేపర్ వేశారు. శరణార్థులు ఎక్కువగా దిగిన ప్రాంతాల్లోని జోర్డానియన్లనీ తక్కువ దిగిన ప్రాంతాల వాళ్లనీ పోల్చారు. ఉద్యోగాల్లో, జీతాల్లో చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. ఎందుకంటే పోటీ వేరేవాళ్ల మధ్య జరిగింది. పొలం పని, సిమెంటు పని జోర్డాన్‌లో ఎక్కువగా చేసేది ఈజిప్టు నుంచి వచ్చిన కూలీలు. దెబ్బ ఎవరికైనా తగిలితే ఈ వలస కూలీలకే తగిలిందని ఇంకో అధ్యయనం కూడా చెప్పింది. ఈజిప్టు కూలీ తరఫున ఏ సమావేశంలోనూ ఎవరూ మాట్లాడలేదు, అది వేరే సంగతి.

అయితే టర్కీలో బొమ్మ కొంచెం వేరు. అక్కడ సిరియన్లు మొదట పర్మిట్ లేకుండానే పనుల్లోకి వచ్చారు. కాగితం లేని పనులు చేసుకునే టర్కీ వాళ్లు కొందరు, ముఖ్యంగా తక్కువ చదువుకున్నవాళ్లు, ఆడవాళ్లు, పని పోగొట్టుకున్నారని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. అదే సమయంలో టర్కీ మగవాళ్లలో కొందరు ఇంకాస్త మెరుగైన, కాగితం ఉన్న ఉద్యోగాల్లోకి మారారు. అంటే 'స్థానికులకి నష్టమా లాభమా' అని అడిగితే, ఏ స్థానికుడికి అని తిరిగి అడగాలి. షాపు ఓనర్‌కి లాభం, ఇల్లు అద్దెకిచ్చేవాడికి లాభం, దినసరి కూలికి కష్టం. ఊళ్లో కోపం ఎక్కువ వచ్చేది ఆ చివరివాడి దగ్గర నుంచే, దానికి కారణం ఉంది.

కొలంబియాని కూడా చూద్దాం. వెనిజులా నుంచి వచ్చినవాళ్లలో పేర్లు నమోదైన 4.42 లక్షల మందికి 2018లో ఉండటానికీ పని చేసుకోవడానికీ అనుమతి తెచ్చుకునే అవకాశం ఇచ్చారు. యజమాని పేరు అక్కర్లేదు, ఏ రంగమో చెప్పక్కర్లేదు, ఎక్కడైనా పని చేసుకో. బహర్, ఇబాన్యెజ్, రోజో అనే ముగ్గురు దీని ప్రభావం లెక్కగట్టారు. కొలంబియా వాళ్ల ఉద్యోగాల మీద పడిన ప్రభావం దాదాపు సున్నా. ఇందులో ఒక తిరకాసు ఉంది, అనుమతి వచ్చినవాళ్లలో చాలామంది వెంటనే కంపెనీ ఉద్యోగాల్లోకి మారలేదు, అందుకే పోటీ కూడా పెరగలేదు. అయినా 2021లో కొలంబియా పదేళ్లు చెల్లే కార్డు ఇస్తామని ప్రకటించింది. పదేళ్లు అన్న మాటలోనే తేడా ఉంది. ఏడాది కాగితం ఉన్నవాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, యజమాని పని నేర్పించడు. పదేళ్లు ఉంటాడని తెలిస్తే కుట్టు మిషన్ కొంటాడు, కొట్టు పెడతాడు, ఆ కొట్లో ఇంకొకడికి పని ఇస్తాడు.

జోర్డాన్ కూడా 2018లో ఇంట్లోంచి చేసుకునే చిన్న వ్యాపారాలని సిరియన్లకి చట్టబద్ధం చేసింది. వంట, కుట్టు, చేతిపనులు. బస్సు సమస్య లేదు, పిల్లల సమస్య లేదు. అంతకు ముందే, 2017లో, ఐకియా కోసం సిరియా, జోర్డాన్ ఆడవాళ్లు కలిసి చేతితో తివాచీలు నేసే పని మొదలైంది. పక్కపక్కన కూర్చుని నేస్తారు. స్థానికులకి కూడా వాటా ఉండాలన్నది జోర్డాన్ ప్రభుత్వం గట్టిగా పట్టుకున్న పాయింట్. శరణార్థుల పేరు మీద వచ్చే ప్రాజెక్టుల్లో దాదాపు 30 శాతం లబ్ధిదారులు పేద జోర్డానియన్లు ఉండాలని అడిగేది. ఇది నాకు నచ్చింది. పక్కింటివాడికి సాయం అందుతూ నాకు అందకపోతే, నేను ఎంత మంచివాడినైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటాను?

మన సంగతి రెండు ముక్కల్లో. శరణార్థుల మీద 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో జోర్డాన్ సంతకం చేయలేదు, భారత్ కూడా చేయలేదు. మన దగ్గర శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. హైదరాబాద్ బాలాపూర్ వైపు వేల మంది రోహింగ్యాలు ఉన్నారు. వాళ్ల దగ్గర ఉండే ఐక్యరాజ్యసమితి కార్డు వర్క్ పర్మిట్ కాదు. అందుకే చెత్త ఏరడం, పాత సామాను, రోజు కూలి. వాళ్లు ఉండాలా వద్దా అన్నది పెద్ద చర్చ, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. ఉన్నన్నాళ్లూ ఏ రేటుకి పని చేస్తున్నారు అన్నది మాత్రం అదే అడ్డాలో నిలబడే మన పాలమూరు కూలికి కూడా సంబంధించిన విషయమే.

చివరిగా, జోర్డాన్‌లో ఇప్పుడేం జరుగుతోంది? యూరప్ 2018 డిసెంబర్‌లో రాయితీని జోన్ల బయటి ఫ్యాక్టరీలకి కూడా ఇచ్చింది, గడువు 2030 దాకా పొడిగించింది. అటు 2024 మధ్యలో సిరియన్ల పర్మిట్లకి ఫీజు మాఫీ ఆగిపోయింది, దాతల డబ్బు కూడా తగ్గుతూ వచ్చింది. ఆ డిసెంబర్‌లో డమాస్కస్‌లో అసద్ ప్రభుత్వం పడిపోయింది. కొందరు సామాను సర్దుకుని దరా వైపు బస్సెక్కారు. ఇల్లు కూలిపోయినవాళ్లు, అక్కడ ఏం పని దొరుకుతుందో తెలియనివాళ్లు ఇంకా ఇర్బిద్‌లో, మఫ్రక్‌లోనే ఉన్నారు. 2012లో చంటిపిల్లలుగా వచ్చినవాళ్లకి ఇప్పుడు పద్నాలుగు పదిహేనేళ్లు. ఇంకో మూడు నాలుగేళ్లలో వాళ్లు పని వెతుక్కుంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఉగాండా. 2006 చట్టంతో పని చేసుకునే హక్కు ఇచ్చింది, సెటిల్‌మెంట్లలో సాగు చేసుకోవడానికి నేల ముక్క కూడా ఇచ్చే దేశం అది. ఆ ముక్క ఏటేటా ఎందుకు చిన్నదైపోతోందో అప్పుడు మాట్లాడుకుందాం. ఉంటాను.